తెల్లమల్లె తేనీరు: మౌలానా ఆజాద్ లేఖ వెనుక చరిత్ర

1942 ఆగస్టు 9వ తేదీ తెల్లవారుజామున బొంబాయిలో అరెస్టయిన కాంగ్రెసు కార్యవర్గ సభ్యులను బ్రిటిష్ ప్రభుత్వం అహ్మద్‌నగర్ కోటలో నిర్బంధించింది. ఆనాటి కాంగ్రెసు అధ్యక్షులు మౌలానా అబుల్ కలామ్ ఆజాద్, పండిట్ జవాహర్‌లాల్ నెహ్రూ, సర్దార్ పటేల్, ఆసఫ్ అలీ, డాక్టర్ సయ్యద్ మహమూద్ మొదలైన వారితోపాటు మచిలీపట్నంలో స్థిరపడిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య కూడా ఆ కోటలో ఉన్నారు. అక్కడ ఉండగా మౌలానా తమ చిరకాల మిత్రులు నవాబ్ సద్ర్ యార్ జంగ్ మౌలానా హబీబుర్రహ్మాన్ ఖాన్ షేర్వానీ గారిని సంబోధిస్తూ ఉర్దూలో లేఖలు వ్రాశారు. షేర్వానీ గారు అలీగఢ్ ప్రాంతీయులే అయినా హైదరాబాదుకు పరాయివారు కారు. నిజాం ప్రభుత్వంలో ధార్మిక వ్యవహారాలకు సద్రుస్సుదూర్‌గా పనిచేసినవారు, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్.

జైలు నిబంధనల వలన ఆ లేఖలు పోస్టు కాలేదు. మౌలానా విడుదలైన తరువాత 1946లో అవి 'గుబారె ఖాతిర్' అనే పేరుతో పుస్తకంగా వెలువడ్డాయి. ధర్మం, తత్త్వం, చరిత్ర, సంగీతం, పిచ్చుకలు, పూలమొక్కలు – అన్నీ వాటిలో చోటుచేసుకున్నాయి. ఆ వరుసలో 1942 డిసెంబరు 17 నాటి లేఖ తేనీటిని గురించినది. తెల్లవారుజామున లేచి, తమ చేతులతో తామే తేనీరు తయారుచేసుకొని, చిన్న గుటకలుగా త్రాగుతూ వ్రాయడం మౌలానా అలవాటు. ఆ రోజు సమయం అదే గాని తేనీరు అది కాదు. తమకు అలవాటైన చైనా ఆకు అయిపోయింది. అహ్మద్‌నగర్, పూనా బజార్లలో దానిని ఎరిగిన వారు లేరు. విధిలేక ఈ దేశపు నల్లాకు కషాయం త్రాగవలసి వస్తున్నది – ఇదీ వారి ఫిర్యాదు సారాంశం. ఆ చైనా ఆకు పేరు ఇంగ్లీషులో 'వైట్ జాస్మిన్'. దానిని వారు ఉర్దూలో 'గోరీ చంబేలీ' అని ముద్దుగా పిలుచుకున్నారు.

ఈ లేఖను సాధారణంగా ఉర్దూ గద్య సౌందర్యానికి ఉదాహరణగా చదువుతారు. అది సబబే. అయితే అందులో చరిత్రకు సంబంధించిన కొన్ని నిర్ణయాలు కూడా ఉన్నాయి. చైనా మొక్కలను ఈ దేశపు మట్టిలో నాటితే తేయాకు పండలేదని, దానిని పోలిన మరేదో పండిందని, నష్టపోయిన ఇంగ్లీషువారు దానికే తేయాకు అని పేరుపెట్టి, అసలు దానినుండి వేరుగా గుర్తించడానికి 'నల్ల తేయాకు' అన్నారని మౌలానా అభిప్రాయం. తేనీటిలో పాలు కలపడం కూడా ఇంగ్లీషువారి నిర్వాకమేనని, చైనావారికి కలలో కూడా ఆ ఊహ రాలేదని వారు వ్రాశారు. ఈ నిర్ణయాలు ఎంతవరకు నిలుస్తాయి? నిలవకపోతే ఆ లేఖలోని రుచి విచారణకు విలువ ఉంటుందా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం తేయాకు చరిత్రలోనే, ముఖ్యంగా ముస్లిం సమాజాలతో దానికి గల సుదీర్ఘ సంబంధంలోనే దొరుకుతుంది.

ముస్లిం వర్తకులు చూసిన ఆకు

చైనాకు వెలుపల తేయాకును గురించి లభిస్తున్న అత్యంత ప్రాచీన వర్ణనలలో ఒకటి అరబీ భాషలోనిది. హిజ్రీ 237, అనగా క్రీ.శ. 851 నాటి 'అఖ్బారుస్సీన్ వల్ హింద్' అనే గ్రంథం సులైమాన్ తాజిర్ పేరుతో ప్రసిద్ధమైంది. చైనా రాజు తన ప్రత్యేక ఆదాయంగా ఉంచుకొన్న వాటిలో ఉప్పు ఒకటి కాగా, వేడినీటిలో వేసుకొని త్రాగే ఒక ఆకు మరొకటి అని అందులో ఉంది. ప్రతి నగరంలోను అది మంచి ధరకు అమ్ముడవుతుందని, కొంచెం సువాసన, కొంచెం చేదు గలదని, నీటిని మరిగించి ఆకుపై పోస్తారని ఆ గ్రంథం చెబుతుంది. దాని పేరు అందులో 'సాఖ్' అని ఉంది. బాగ్దాదులో అబ్బాసీ ఖిలాఫత్ నడుస్తున్న కాలంలోనే బస్రా, సీరాఫ్ రేవుల నావికులకు ఈ ఆకు తెలుసునన్నమాట. తరువాత 11వ శతాబ్దంలో అల్‌బిరూనీ తమ ఔషధ గ్రంథం 'కితాబుస్సైదనా'లో దీనిని ప్రస్తావించారు.

ఐరోపాకు ఈ కబురు అందించిన వారిలోనూ ఒక ముస్లిం వర్తకుడున్నాడు. ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతానికి చెందిన హాజీ ముహమ్మద్ రేవల్‌చిన్ని వ్యాపారం కోసం చైనా సరిహద్దుల దాకా వెళ్లి వచ్చి, వెనిస్ నగరంలో రమూసియో అనే పండితునికి తాను చూసిన విశేషాలు చెప్పాడు. జ్వరానికి, తలనొప్పికి, కడుపునొప్పికి పరగడుపున ఒకటి రెండు కప్పులు త్రాగే 'చాయ్' అందులో ఒకటి. రమూసియో దానిని 1559లో అచ్చువేయించాడు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అప్పటికి పుట్టనే లేదు.

ఈ రెండు దారులు మన మాటలలో కూడా నిలిచిపోయాయి. చైనా నుండి భూమార్గాన మధ్య ఆసియా, ఇరాన్‌ల మీదుగా వచ్చిన మాట 'చాయ్'. ఫుజియాన్ తీరప్రాంత మాండలికంలోని 'తే' డచ్చి ఓడలనెక్కి ఐరోపా చేరి, అక్కడినుండి 'టీ'గా తిరిగివచ్చింది. తెలుగువాడు 'తేయాకు' అన్నప్పుడు సముద్రమార్గపు మాటను, 'చాయ' అన్నప్పుడు భూమార్గపు మాటను పలుకుతున్నాడు. ఒకే ఇంట్లో ఈ రెండు మాటలు వినిపించడం విశేషమే.

కాఫీ విషయంలో మక్కాలో 1511లో ఖాయిర్ బేగ్ అనే అధికారి నిషేధం విధించడం, కైరో సుల్తాను దానిని సడలించడం చరిత్ర ప్రసిద్ధం. వస్తువులలో మూలం అనుమతియే, నిషేధానికే ఆధారం కావాలి అన్న ఫిఖ్‌హ్ సూత్రం ఆ చర్చలో బాగా ఉపకరించింది. అదే సూత్రం ప్రకారం తేయాకు కూడా, మత్తు కలిగించనిది గనుక, ముస్లిం ఇళ్లలో సులభంగానే స్థానం సంపాదించుకొంది.

అచ్చు నుండి విడి ఆకుకు

మౌలానా కోరుకొన్న తేనీరు, అంటే విడి ఆకుపై వేడినీరు పోసి, ఆ సారం దిగగానే త్రాగే తేనీరు, చైనాలో కూడా ఆదినుండి ఉన్నది కాదు. టాంగ్ వంశపు రోజులలో ఆకును ఆవిరిపై ఉడికించి, దంచి, అచ్చులుగా పోసి ఆరబెట్టేవారు. ఆ అచ్చును కాల్చి, పొడిచేసి, నీటిలో మరిగించేవారు. 8వ శతాబ్దంలో తేయాకుపై మొట్టమొదటి గ్రంథం వ్రాసిన లూ యూ, అందులో ఉల్లి, అల్లం, నారింజ తొక్క, పుదీనా కలిపి మరిగించేవారిని తీవ్రంగా మందలించాడు; తాను మాత్రం కాస్త ఉప్పు వేసుకొనేవాడు. సాంగ్ వంశకాలంలో మెత్తని పొడిని గిన్నెలో నురుగు వచ్చేలా చిలికి త్రాగడం పరిపాటి అయింది.

1391లో మింగ్ వంశ స్థాపకుడు హోంగ్ వూ చక్రవర్తి, ప్రజలకు శ్రమ ఎక్కువవుతున్నదని, ఆస్థానానికి అచ్చుల రూపంలో చెల్లించే కానుకను రద్దుచేసి, విడి ఆకునే పంపమని ఆజ్ఞాపించాడు. ఆ తరువాతనే విడి ఆకు, దానికి తగిన కూజా, చిన్న కప్పులు చైనా ఇళ్లలో స్థిరపడ్డాయి. ఆకును బాణలిలో వేయించి ఆరబెట్టే పద్ధతి అభివృద్ధి చెందింది. ఒక్కొక్క కొండకు, ఒక్కొక్క ఋతువుకు, ఒక్కొక్క చేతిపనికి గల తేడా త్రాగేవాని నాలుకకు తెలిసే అవకాశం అప్పుడు విస్తరించింది. పొడిలో దాగిపోయేది ఆకులో దాగదు.

మల్లె చేసిన ప్రయాణం

'గోరీ చంబేలీ' తయారయ్యే విధానం ఈ చేతిపనికి చక్కని ఉదాహరణ. దీనికి ప్రసిద్ధి చెందిన పట్టణం ఫుజియాన్ రాష్ట్రంలోని ఫూచౌ. వసంతంలో కోసిన లేత ఆకును పచ్చ తేయాకుగా తయారుచేసి నిలువ ఉంచుతారు. ఎండాకాలంలో మల్లెలు వచ్చాక, మధ్యాహ్నం వేళ విచ్చబోయే మొగ్గలను కోసి తెస్తారు. రాత్రి అవి విచ్చుకొని పరిమళం విడుస్తుండగా ఆకుతో కలిపి కుప్పపోస్తారు. ఆకు ఆ వాసనను పీల్చుకొంటుంది. తెల్లవారేసరికి పూలను వేరుచేసి, ఆకును ఆరబెట్టి, మళ్లీ కొత్త మొగ్గలతో అదే పని సాగిస్తారు. మేలురకానికి ఇలా అనేక రాత్రులు పడుతుంది. చివరకు కప్పులో మిగిలేది పువ్వు కాదు, పువ్వు పరిమళం.

ఈ పువ్వును గూర్చి తెలుగు పాఠకులు తెలుసుకోదగిన సంగతి ఒకటున్నది. మల్లె చైనాకు స్వదేశీ పువ్వు కాదు. చైనీయ భాషలో దాని పేరు 'మోలీ'. అది సంస్కృత 'మల్లిక' నుండి వచ్చిందని భాషాచరిత్రకారులు నిర్ణయించారు. తెలుగు 'మల్లె' దానికి చుట్టమే. జాజికి సంబంధించిన మరొక చైనీయ పదం పారసీక 'యాసమీన్' నుండి పుట్టింది. భారతదేశం నుండి, పారసీక దేశం నుండి వెళ్లిన పూలు చైనా ఆకులో పరిమళమై, డబ్బాలో తిరిగి కలకత్తాకు వచ్చి, అక్కడినుండి మౌలానా కప్పులోకి చేరాయి. అనువాదం చేసేవారికి ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. ఉర్దూలో 'చంబేలీ' అనేది జాజిపూవు. చైనావారు తేయాకుకు పట్టించేది మల్లె, ఉర్దూలో 'బేలా' లేక 'మోతియా'. మౌలానా ఇంగ్లీషు పేరును అందంగా ఉర్దూ చేశారే గాని పువ్వును పోల్చి చూడలేదు. కనుక తెలుగులో దానిని 'తెల్లమల్లె' అనడమే పువ్వుకు న్యాయం.

నల్లాకు పరాయిదా?

ఇప్పుడు మౌలానా చేసిన మొదటి నిర్ణయాన్ని పరిశీలించవచ్చు. నల్ల తేయాకు వేరే మొక్క అనే భ్రమ వారొక్కరిదే కాదు. వృక్షశాస్త్ర పితామహుడనదగిన లిన్నేయస్ కూడా 1762లో పచ్చాకు మొక్క ఒకటి, నల్లాకు మొక్క మరొకటి అని విడదీశాడు. 1840లలో చైనా లోపలి ప్రాంతాలు తిరిగిన రాబర్ట్ ఫార్చూన్ ఒకే మొక్క ఆకుతో పచ్చ తేయాకు, నల్ల తేయాకు రెండూ తయారుచేయడం కళ్లారా చూచి, ఆ భ్రమను తొలగించాడు. కోసిన ఆకును వెంటనే వేడిచేస్తే దాని రంగు నిలుస్తుంది. అది పచ్చ తేయాకు. వాడబెట్టి, నలిపి, గాలి తగలనిచ్చి, ఎర్రబారిన తరువాత ఆరబెడితే నల్ల తేయాకు. ఈ రెండింటికి నడుమ ఆపితే ఊలాంగ్. తేడా పనితనంలో ఉంది. అంతేకాదు, చైనాలోని వూయీ కొండలలో నల్ల తేయాకును 17వ శతాబ్దం నుండే తయారుచేస్తూ వచ్చారు. ఇంగ్లీషువారు అస్సాంలో తోటలు వేసేనాటికి వారి ఇళ్లలో త్రాగుతున్నది చాలావరకు చైనా నల్లాకే.

ఇక ఈ దేశపు మట్టి సంగతి. అస్సాంలో తేయాకు మొక్కను ఎవరూ బయటనుండి తీసుకొనిరాలేదు. అక్కడి సింగ్‌ఫో తెగవారు అప్పటికే ఆ ఆకును వాడుతున్నారు. 1823లో రాబర్ట్ బ్రూస్ వారివద్దనే దానిని చూశాడు. చైనాతో వ్యాపారంపై కంపెనీ గుత్తాధికారాన్ని 1833 నాటి చట్టం రద్దుచేయగా, 1834లో గవర్నర్ జనరల్ బెంటింక్ తేయాకు సంఘాన్ని నియమించాడు. చైనా విత్తనాలు తెప్పించడం, అస్సాం మొక్కను పెంచడం రెండూ సాగాయి. అస్సాం ఆకు మొదటి పెట్టెలు 1838లో బయలుదేరి, 1839 జనవరిలో లండనులో వేలానికి వచ్చాయి. చైనా మొక్క అస్సాం వేడికి ఇమడలేకపోయిన మాట వాస్తవమే. కాని డార్జిలింగ్ చలికొండలలో అది బాగా పాతుకొంది. అక్కడి పాత తోటలలో చైనా జాతి పొదలు నేటికీ ఉన్నాయి. చైనా మొక్క, అస్సాం మొక్క రెండూ ఒకే జాతికి చెందిన రెండు రకాలని వృక్షశాస్త్రం నిర్ధారించింది.

కాబట్టి మట్టి తేయాకును నిరాకరించిందన్న మాట చరిత్ర ముందు నిలవదు. పెద్దల రచనలలోని ఇటువంటి పొరపాటును గుర్తించడం వారిపట్ల అగౌరవం కాదు. గురువు మాటను ఆధారాలతో పరీక్షించడం మన హదీసు పండితులు నేర్పిన మర్యాదే.

పాలు, పొడి, బజారు

పాల విషయం కూడా అటువంటిదే. టిబెట్టులో తేనీటిని వెన్నతోను, ఉప్పుతోను చిలికి త్రాగడం, మంగోలులు పాలు కలిపి మరిగించడం ఇంగ్లీషువారి రాకకు ఎంతో పూర్వపు ఆచారాలు. కాశ్మీరీ ముస్లింల ఇళ్లలో పచ్చాకును సోడా ఉప్పుతో ఎర్రబడేదాకా మరిగించి, పాలు, ఉప్పు కలిపి త్రాగే 'నూన్ చాయ్' ఈ మధ్య ఆసియా సంప్రదాయానికి చెందినదే గాని లండనుది కాదు.

అయితే మౌలానా ఫిర్యాదులో ఒక చారిత్రక సత్యం దాగి ఉంది. ఈ దేశంలో సామాన్య ప్రజలు తేనీరు త్రాగడం, తోటల యజమానులు తమ సరుకుకు బజారు వెదుక్కొన్న ఫలితం. 1903లో ఎగుమతి తేయాకుపై పన్ను విధించి, ఆ సొమ్ముతో ప్రచారం మొదలుపెట్టారు. 1930 తరువాత ప్రపంచమంతటా ధరలు పడిపోయినప్పుడు ఆ ప్రచారం రైల్వేస్టేషన్లకు, సంతలకు, మిల్లులకు విస్తరించింది. మేలైన ఆకు విదేశాలకు పోగా, జల్లెడ పట్టినప్పుడు మిగిలిన నలుసు, పొడి ఇక్కడి వారికి చవకగా అందాయి. 1930 ప్రాంతంలో అస్సాంలో రూపొందిన సి.టి.సి. యంత్రం ఆకును నలిపి, చింపి, గుండ్రని గింజలుగా మార్చివేసింది. ఆ గింజ క్షణాలలో చిక్కని రంగు ఇస్తుంది, చవకగా ఎక్కువ కప్పులు ఇస్తుంది. కాని దాని ఘాటును పాలు, చక్కెర లేకుండా ఓర్చుకోవడం కష్టం. నేడు మన దేశంలో తయారయ్యే తేయాకులో అత్యధిక భాగం ఈ రకమే. పాలు కలిపిన తేనీటిని మౌలానా హల్వాతో పోల్చి పరిహసించినప్పుడు వారి ఎదుట ఉన్నది ఈ బజారు సరుకే.

ఇరాన్‌లోని యజ్ద్ మొదలైన చోట్లనుండి బొంబాయి మీదుగా వచ్చినవారు హైదరాబాదులో నెలకొల్పిన హోటళ్లు ఈ పొడి నుండే ఒక కొత్త రుచిని సాధించాయి. డికాక్షనును మూతపెట్టి సన్నని సెగపై దమ్ చేయడం, పాలను విడిగా చిక్కబడేదాకా కాయడం, రెండింటినీ కప్పులోనే కలపడం – ఇరానీ చాయ్ రహస్యమింతే. ఇరాన్‌లో మాత్రం ఇరానీలు పాలు కలపరన్నది గమనార్హం. పొడిని కూడా ఓపికతో, కొలతతో వండితే ఒక ఊరికి గుర్తింపు తెచ్చే పానీయమవుతుందని హైదరాబాదు నిరూపించింది. దానిని హల్వా అని తోసిపుచ్చడం న్యాయం కాదు.

ఇళ్లలోని రుచులు

ముస్లిం దేశాలలో విడి ఆకు వాడకం ఎన్ని రూపాలు దాల్చిందో చూస్తే, శుద్ధమైన పద్ధతి ఒక్కటే ఉందనే వాదం దానంతట అదే సడలిపోతుంది. మొరాకోలో చైనా పచ్చాకు స్థిరపడడానికి ఒక యుద్ధం కారణమైంది. 1850లలో క్రిమియా యుద్ధం వలన ఉత్తరాది రేవులు మూతపడగా, ఇంగ్లీషు వర్తకులు తమ సరుకును టాంజియర్, మొగడార్ రేవులకు మళ్లించారు. గింజలా చుట్టుకొన్న ఆ ఆకును ముందుగా ఒకసారి వేడినీటితో కడిగి, పుదీనా, చక్కెర చేర్చి, ఎత్తునుండి గాజు గ్లాసులలోకి పోయడం అక్కడి గృహ యజమాని చేసే అతిథి మర్యాద.

ఇరాన్‌లో తేయాకు సాగు మన దేశంతో ముడిపడి ఉంది. భారతదేశంలో ఇరాన్ కాన్సల్‌గా పనిచేసిన కాషిఫుస్సల్తనా ఇక్కడ సాగు పద్ధతులు నేర్చుకొని, 1900 ప్రాంతంలో మొక్కలను తీసుకొనిపోయి గీలాన్‌లోని లాహిజాన్ వద్ద నాటించారు. వెనిస్‌లో చాయ్ కబురు చెప్పిన హాజీ ముహమ్మద్ స్వస్థలం కూడా గీలానే. 1929లో మరణించిన కాషిఫుస్సల్తనా సమాధి లాహిజాన్ తోటల మధ్యనే ఉంది. దానిని తేయాకు ప్రదర్శనశాలగా తీర్చిదిద్దారు. సమోవార్ నెత్తిన చిన్న కూజాలో చిక్కని సారం దించి, వేడినీటితో పలుచన చేసి, చక్కెర ముక్కను పంటిమధ్య ఉంచుకొని త్రాగడం ఇరానీ ఇళ్ల తీరు. కాశ్మీరులో ఉదయం నూన్ చాయ్ అయితే, పెళ్లిళ్లలోను విందులలోను కుంకుమపూవు, బాదం వేసిన కహ్వా. మలబారులోను, హైదరాబాదులోను పాలు లేకుండా నిమ్మరసంతో ఇచ్చే సులైమానీ చాయ్‌ను మౌలానా ఆక్షేపించి ఉండేవారు కాదేమో!

ఇంటిలో ఈ తేడాలను తెలుసుకోవడానికి పెద్ద సరంజామా అవసరం లేదు. పింగాణీ కూజా, తెల్లని కప్పులు, మంచినీరు చాలు. కప్పుకు ఒక చిన్న చెంచా ఆకు కొలత. అస్సాం ఆకుపై తెర్లుతున్న నీరే పోసి మూడు నాలుగు నిమిషాలు మూతపెట్టాలి. డార్జిలింగ్ వసంతపు ఆకుకు అంతకంటె కొంచెం తక్కువ వేడి, తక్కువ సమయం. పచ్చాకుకు, మల్లె పట్టించిన ఆకుకు తెర్లిన నీటిని కొంతసేపు చల్లారనిచ్చి పోసి, రెండు మూడు నిమిషాలకే వడకట్టాలి. లేకుంటే పరిమళం పోయి వగరు మిగులుతుంది. మొదటి గుటక చక్కెర లేకుండా త్రాగితే ఆకు స్వభావం తెలుస్తుంది. అస్సాం ఆకులో బెల్లపు పాకాన్ని తలపించే నిండుదనం, డార్జిలింగ్‌లో ద్రాక్ష వంటి పరిమళం, నీలగిరిలో తేలికైన తాజాదనం, ఫూచౌ ఆకులో మల్లెపందిరి క్రింది గాలి – ప్రక్కప్రక్కన రెండు కప్పులు పెట్టుకొన్నవారికి వీటిని ఎవరూ వివరించి చెప్పవలసిన పనిలేదు. మేలైన విడి ఆకు రెండవసారి కూడా సారమిస్తుంది. దుబారా కూడదన్న ఖుర్ఆన్ బోధకు ఇది అనుకూలమే.

విలాసమా, వివేకమా?

దేశమంతటా అణచివేత సాగుతున్న 1942లో ఒక నాయకుడు తేనీటి రుచిని గురించి పుటలు నింపడం తగునా అని అడగవచ్చు. అదే సంవత్సరం చివరి నెలలలో పూనాలోని ఆగాఖాన్ భవనంలో ఖైదీగా ఉన్న గాంధీజీ ఆరోగ్యంపై వ్రాసిన చిన్న పుస్తకంలో తేనీరు, కాఫీ, కోకో శరీరానికి అవసరం లేదని స్పష్టం చేశారు. తేయాకులోని టానిన్ హానికరమని వారి అభిప్రాయం. ఒకరు వద్దన్నారు, మరొకరు లేదని బాధపడ్డారు. అయినా ఒకచోట ఇద్దరూ కలుస్తారు. ఆకును ఉడికించి, ఉడికించి అందులోని వగరునంతా పిండుకోవడాన్ని ఆరోగ్యం దృష్టితో గాంధీజీ, రుచి దృష్టితో మౌలానా – ఇద్దరూ నిరసించవలసిందే.

మౌలానాకు తేనీరు విలాసం కాదనడానికి ఆ పుస్తకంలోనే సాక్ష్యముంది. 1943 ఏప్రిల్ 9న కలకత్తాలో వారి సతీమణి జులేఖా బేగం మరణించారు. చివరి చూపు కోసం ప్రభుత్వాన్ని అర్థించడానికి మౌలానా అంగీకరించలేదు. ఏప్రిల్ 11 నాటి లేఖలో, మనసు అతలాకుతలమైనా దినచర్యను మాత్రం మారనివ్వలేదని వారు మిత్రునికి తెలిపారు. తెల్లవారుజామున లేవడం, నీరు కాచుకోవడం, ఫింజాను ముందు పెట్టుకొని కలం పట్టడం ఆ దినచర్యలో భాగాలు. స్వేచ్ఛ అంతా పరుల చేతిలో ఉన్న చోట, కనీసం ఆ ఒక్క గంట తమ ఆధీనంలో ఉంచుకోవడమది.

అయితే ఆ లేఖలో కనిపించని చేతులు కూడా ఉన్నాయి. 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో అస్సాం తోటలకు ఛోటానాగపూర్ నుండే గాక గంజాం, విశాఖపట్నం జిల్లాలనుండి కూడా కూలీలను తరలించారు. ఒప్పందం మీరి వెళ్లిపోయిన కూలీని నేరస్థునిగా శిక్షించే చట్టాలు దశాబ్దాల తరబడి అమలులో ఉండేవి. మౌలానా తేయాకే కాదన్న ఆ నల్లాకులో మన తెలుగు కుటుంబాల చెమట కలిసి ఉంది. దానిని తేయాకుగా గుర్తించడం వృక్షశాస్త్రానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. శ్రమకు దాని పేరు దానికి ఇవ్వడం కూడా.

ఇంతకూ తేలిందేమిటి? చరిత్ర విషయంలో మౌలానా నిర్ణయాలు దిద్దుబాటు కోరుతున్నాయి. నల్లాకు తేయాకే, పాలు ఇంగ్లీషువాడు కనిపెట్టినవి కావు. కాని రుచి విషయంలో వారు చూపిన మార్గం చెక్కుచెదరలేదు. ఎదుట ఉన్న వస్తువు ఏమిటో, ఎక్కడిదో, ఎలా తయారైందో విచారించి, తొందరపడకుండా, దాని స్వభావం తెలిసేలా అనుభవించాలని వారు ఆచరణలో చూపారు. అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహానికి కృతజ్ఞత తెలుపడమంటే మొదట ఆ అనుగ్రహాన్ని గుర్తించడమే. ఇంటిలో రెండు రకాల ఆకును ప్రక్కప్రక్కన ఉంచి, రెండు కప్పులు తయారుచేసి, ఇంటిల్లిపాదీ కూర్చొని పోల్చి చూసుకొన్నప్పుడు సీరాఫ్ నావికుని కుతూహలం, ఫూచౌ పనివాని ఓపిక, అస్సాం కూలీ శ్రమ – మూడూ ఆ కప్పులోనే తెలియవస్తాయి. మౌలానా వద్దన్న ఆ నల్లాకును కూడా వారు నేర్పిన పద్ధతిలోనే రుచి చూడడం వారికి చెల్లించగల తగిన గౌరవం.